మూలికలు, మధుమేహము, మన కర్తవ్యము
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

  

 విద్యనుగూర్చియు, వివాహవ్యయములనుగూర్చియు, విద్యార్థి వసతిగృహములనుగూర్చియు పెద్దలు విపులముగ ముచ్చటించిరి. మేము చేపట్టిన విషయము వానికంటె చిన్నదిగ గానవచ్చును. కాని యీ పందిటిక్రింద గూర్చున్న కుటుంబములలో దానితో సంబంధము లేని కుటుంబ మొక్కటియైన నుండునా యని మాకు సందేహము. వృక్షశాస్త్రమును బోధించుట మా వృత్తి. మధుమేహముతో కాలము గడపుట మా నిత్యకృత్యము. ఈ రెండును గలిసినచోట మేము తెలిసికొనిన కొన్ని సంగతులను, కడపట నొక విన్నపమును మీ ముందుంచుటయే మా యుద్దేశము.

మమ్ము నడుగువారి ప్రశ్న యెల్లప్పుడు నొక్కటియే. "అయ్యా, మీరు మొక్కలనుగూర్చి చదివినవారు గదా! చక్కెరవ్యాధికి ఏ యాకు మంచిది? హిమాలయములనుండి తెచ్చిన వేరు ఒకటి కలదట. దానిని వాడిన మాత్రలు, సూదులు మానివేయవచ్చునట. నిజమేనా?" దీనికి మేమీయదలచిన సమాధానమును ముందుగనే చెప్పివేయుదుము. మధుమేహమునకు మొక్కలు నిజముగ మందులనిచ్చినవి. అయితే మొక్కనుండి మందు పుట్టుటకు కొలత, శోధన, ఓర్పు అను మూడును గావలసివచ్చినవి. ఆ శోధన జరిగినచోట రోగియు బ్రదికెను, మొక్కయు బ్రదికెను. శోధన లేక వట్టి కీర్తిమాత్రమే వ్యాపించినచోట రోగి చెడుచున్నాడు, మొక్కయు నశించుచున్నది.

ఈ వ్యాధి మనకు క్రొత్తది గాదు. మన ప్రాచీన వైద్యులు ప్రమేహములను వర్ణించుచు, రోగి మూత్రమునకు చీమలు చేరుటను గమనించిరి. సుశ్రుతసంహితయందు పుట్టుకతో వచ్చునది యొకటియు, అపథ్యమువలన వచ్చునది యొకటియు నని రెండు తెఱగులు చెప్పబడినవి. మొదటి రోగి కృశించియుండును. రెండవ రోగి స్థూలకాయుడు. నేటి వైద్యులు మొదటి రకము, రెండవ రకము అని చేయు విభాగమునకు ఇది యెంత సమీపమో చూడుడు. 1776లో మాత్యూ డాబ్సన్ అను ఆంగ్లవైద్యుడు రోగి మూత్రమును ఇగిర్చి, అడుగున మిగిలినది చక్కెరయే యని చూపెను. రక్తమునందును తీపి కలదని గుర్తించెను.

మనము తినిన యన్నము కడుపులో జీర్ణమై చక్కెరగ మారి రక్తమునందు జేరును. ఆ చక్కెర రక్తమునుండి కండరములలోనికి బోవుటకు ఇన్సులిన్ అను పదార్థము కావలెను. దానిని క్లోమమను గ్రంథి తయారుచేయును. మొదటి రకము మధుమేహమున శరీరరక్షకశక్తియే పొరబడి, ఇన్సులిన్‌ను పుట్టించు కణములను నాశము చేయును. ఇది తఱచుగ బాలబాలికలకు వచ్చును. వారు మిఠాయి తినుటవలన గాని, తల్లిదండ్రుల పాపమువలన గాని వచ్చునది గాదు. రెండవ రకమున ఇన్సులిన్ ఉన్నను శరీరము దానిమాట వినదు. క్రమముగ గ్రంథియు నలసిపోవును. ఇది వంశమువలనను, స్థూలత్వమువలనను, వ్యాయామలోపమువలనను గలుగును. భారత వైద్య పరిశోధన మండలివారి యాదరమున జరిగి 2023లో ప్రకటింపబడిన దేశవ్యాప్త పరిశీలననుబట్టి, మన దేశమున మధుమేహులు 10 కోట్ల 10 లక్షలమంది. ఆ గడపను ద్రొక్కబోవుచున్నవారు మఱి 13 కోట్ల 60 లక్షలమంది.

ఒక శతాబ్దము క్రిందట ఈ రెండు రకములలో మొదటిదానికి మరణమే ముగింపు. ఆహారమును మిక్కిలి తగ్గించి, ఎముకలగూడులవలె నున్న పిల్లలను మఱికొన్ని మాసములు బ్రదికించుటకంటె నాటి వైద్యులు చేయగలిగినది లేదు. 1921లో కెనడా దేశమున టొరాంటో విశ్వవిద్యాలయమునందు బాంటింగ్, బెస్ట్ అనువారు మాక్లియాడ్ ప్రయోగశాలలో జంతువుల క్లోమమునుండి ఇన్సులిన్‌ను తీసిరి. కాలిప్ అను రసాయనవేత్త దానిని శుద్ధిచేసెను. 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అను పదునాలుగేండ్ల బాలునికి దానిని మొదటిసారి యెక్కించిరి. చావునకు సిద్ధముగ నున్న యా బాలుడు మఱి పదుమూడేండ్లు జీవించెను. కనుగొనినవారు దాని హక్కును ఒక్కొక్క డాలరునకు విశ్వవిద్యాలయమునకు విడిచిరి. మొదటి రకము మధుమేహము గల బిడ్డకు ఇన్సులిన్ అనునది మనకు గాలివంటిది. ఒకటి రెండు దినములు మానినను ప్రాణాపాయము. లోకమునందలి ఏ యాకును, ఏ వేరును, ఏ మంత్రమును దాని స్థానమును బొందజాలవు. ఈ యొక్క మాటను మీరు జ్ఞప్తియందుంచుకొనిన, ఈ యుపన్యాసమున మిగిలినదంతయు మఱచినను మాకు విచారము లేదు.

ఇక మొక్కలు చేసిన మేలును జెప్పెదము. యూరపుఖండమున గలేగా అను నొక చిక్కుడుజాతి గుల్మము కలదు. ఊదారంగు పూవులు పూయును. పల్లెవైద్యులు దానిని పలురోగములకు వాడుచుండిరి. మేసిన గొఱ్ఱెలు చచ్చుటయు గలదు. ఆ మొక్కయందు గ్వానిడీన్ జాతి పదార్థములున్నవి. 1918లో గ్వానిడీన్ కుందేళ్ల రక్తమునందలి చక్కెరను దగ్గించునని తేలెను. మొక్కనుండి తీసిన గలెగీన్ అను పదార్థమును ఆ తరువాతి దశాబ్దమున రోగులకిచ్చి చూచిరి. గుణమును గనబడెను, విషమును గనబడెను. ఇంతలో 1922లో డబ్లిన్ నగరమున వెర్నర్, బెల్ అను రసాయనవేత్తలు అదే జాతికి జెందిన మెట్‌ఫార్మిన్‌ను ప్రయోగశాలలో కూర్చిరి. 1929లో దానికి చక్కెరను దగ్గించు గుణము జంతువులందు గనబడెను. కాని ఇన్సులిన్ కీర్తిలో అది మఱుగున బడెను. 1957లో పారిస్ నగరమున ఝాన్ స్టెర్న్ అను వైద్యుడు రోగులకిచ్చి ఫలితములను ప్రకటించెను. 1998లో వెలువడిన బ్రిటిషు పరిశోధనయందు, స్థూలకాయులైన క్రొత్తరోగులలో మెట్‌ఫార్మిన్ పుచ్చుకొనినవారికి, ఆహారనియమము ప్రధానముగ నున్నవారికంటె మరణములు నూటికి 36 వంతులు తక్కువగ నుండెనని తేలెను. మేమును, ఈ సభలో బహుశః పలువురును ప్రతిదినము మింగు తెల్లని మాత్ర యిదియే.

ఆపిల్ చెట్టు కథయు నిట్టిదే. 1835లో దాని బెరడునుండి ఫ్లోరిజిన్ అను చేదుపదార్థమును దీసిరి. 1886లో ఫాన్ మేరింగ్ అను జర్మనువైద్యుడు, అది రక్తమునందలి చక్కెరను మూత్రముద్వారా వెడలించునని చూపెను. అయితే కడుపులోనికి బోవునప్పటికి అది విచ్ఛిన్నమగుచుండుటచే మందుగ బనికిరాలేదు. రసాయనవేత్తలు దాని నిర్మాణమును మార్చిమార్చి, నూటయిరువదియైదు సంవత్సరములకు పైగా గడచినపిదప, 2012 మొదలు 2014 వఱకు గల కాలమున డాపాగ్లిఫ్లోజిన్ మొదలగు మాత్రలను లోకమున కందించిరి. అవి హృదయమునకును, మూత్రపిండములకును గూడ మేలుచేయుచున్నవి.

ఈ రెండు కథలనుండి మనము గ్రహింపవలసిన దేమి? మొక్క మందగుటకు నాలుగు మెట్లున్నవి. మొదటిది, మొక్కను నిశ్చయముగ గుర్తించుట. రెండవది, అందు పనిచేయు పదార్థమేదో విడదీయుట. మూడవది, అది యెంత మోతాదులో మేలు, ఎంత మోతాదులో కీడు చేయునో జంతువులందు గొలుచుట. నాలుగవది, రోగులను రెండుగుంపులుగ జేసి, ఒకరికి మందును, మఱియొకరికి మందువలె గనబడు వట్టిమాత్రను ఇచ్చి పోల్చుట. ఈ నాలుగవమెట్టు నెక్కని మొక్కను మందని పిలుచుట తొందరపాటు.

మన భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి జీవిత మీ మెట్ల వరుసకు జక్కని నిదర్శనము. ఆయన మద్రాసులోని ఆయుర్వేద కళాశాలయందు శరీరశాస్త్రమును బోధించి, మన మూలికలయందు గౌరవము గలవాడై, పిమ్మట అమెరికాలోని హార్వర్డునకు బోయెను. అచట 1925లో ఫిస్కేతో గలిసి రక్తమునందును కణజాలమునందును భాస్వరమును గొలుచు పద్ధతిని ప్రకటించెను. మొదట కొలుచుట నేర్చెను, పిదప మందులను గనుగొనుటకు నాయకత్వము వహించెను. మూలికయందు ప్రేమయు, కొలతయందు నిష్ఠయు నొక్క హృదయమున నుండవచ్చునని ఆయన చూపెను.

ఇప్పుడు మన వంటింటికిని, మన యడవికిని వత్తము. మెంతులనుగూర్చి మన హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థయందు మంచి శోధన జరిగినది. 1990లో ప్రకటించిన పరిశోధనయందు మొదటి రకము రోగులు కొందఱికి, ఇన్సులిన్ నిచ్చుచునే, నూనె తీసిన మెంతిపిండిని దినమునకు 100 గ్రాములు ఆహారముతో నిచ్చిరి. పదిదినములలో మూత్రమున బోవు చక్కెర సగమునకు మించి తగ్గెను. మెంతులయందలి జిగురుపీచు ఆహారపు చక్కెర రక్తమునందు జేరుటను మందగింపజేయుటయే దీనికి ముఖ్యకారణము. అయితే 100 గ్రాములనగా పిడికెళ్ల కొలది పిండి. పులుసులో వేయు పోపుగింజలు గావు. అంతకంటె ముఖ్యముగ, ఆ పరిశోధకులు రోగులకు ఇన్సులిన్ మాన్పలేదు.

నల్లమల మొదలగు మన యడవులలో బెరుగు వేగిసచెట్టు కొయ్యతో గిన్నెలు చేసి, రాత్రి నీరు నిలువయుంచి, ఉదయమున ద్రాగు నాచారము కలదు. ఆ చెట్టునుండి చేసిన మందును భారత వైద్య పరిశోధన మండలివారు క్రొత్తగ వ్యాధి సోకిన 97 మందికి నిచ్చి 1998లో ఫలితములు ప్రకటించిరి. 12 వారములలో 67 మందికి చక్కెర యదుపునకు వచ్చెను. ఆశాజనకమే. కాని అందు వట్టిమాత్రతో బోల్చు రెండవగుంపు లేదు, వ్యాధియు దొలిదశలోనిది. కాకరకాయనుగూర్చి ఫిలిప్పీను దీవులలో 40 మందిపై వట్టిమాత్రతో బోల్చి చేసి 2007లో ప్రకటించిన శోధనయందు చెప్పుకోదగిన మేలు గానరాలేదు. నేరేడాకు కషాయమును బ్రెజిలు దేశమువారు పరీక్షించి, చక్కెరను దగ్గింపలేదని ప్రకటించిరి. పొడపత్రి యాకును నమలిన పంచదార యిసుకవలె దోచును. ఇది నిజము, నాలుకపై తీపిని గ్రహించు శక్తిని అది కొంతసేపు మఱపించును. నాలుకకు తీపి తెలియకపోయిన మాత్రమున రక్తమున చక్కెర తగ్గినదని తలంపరాదు. కాకరకూర తినుడు, మెంతికూర తినుడు. అవి మంచి యాహారములు. మందుపెట్టెలో వానికి చోటీయకుడు. ఇవియేవైన చూర్ణములుగ వాడుచున్నయెడల వైద్యునికి దాపకుండ జెప్పుడు. మాత్రలతో గలిసి చక్కెర మితిమీఱి పడిపోవచ్చును.

ఇక హిమాలయమూలికల సంగతి. ఓషధులు పెరుగు నేలలలో హిమవంతము శ్రేష్ఠమని చరకుడు చెప్పెను. దానికి కారణము కలదు. పశ్చిమహిమాలయములలో సుమారు 3,300 మొదలు 3,600 మీటర్లకు పైన చెట్లు పెరుగుట మానును. అచట పచ్చికబయళ్లు మొదలగును. గఢ్వాల్ వాసులు వానిని బుగ్యాల్ లందురు. సంవత్సరమున సగభాగము మంచుక్రింద నుండును. మిగిలిన కొద్దినెలలలోనే మొక్క చిగిర్చి, పూచి, విత్తి, తఱుగని యాహారమును వేరున దాచుకొనవలెను. తీక్ష్ణమైన సూర్యకిరణములనుండియు, చలినుండియు, మేయు జంతువులనుండియు దన్నుదాను గాపాడుకొనుటకు చేదైన, ఘాటైన రసాయనములను గూర్చుకొనును. కటుకరోహిణి, జటామాంసి, అతివస, చెంగల్వకోష్టు అని మన పచారికొట్లలో దొరకు వేరులన్నియు ఆ యెత్తులనుండి దిగివచ్చినవే. మన తెలుగుగడ్డపై నొక్కటియు మొలవదు. అయినను మన తాతల వైద్యగ్రంథములన్నిట నవి యున్నవి.

వీనిని శాస్త్రరీతిగ బరిశోధించుటకు గఢ్వాల్ శ్రీనగరమందలి విశ్వవిద్యాలయమున ఉన్నతపర్వత వృక్షశరీరధర్మ పరిశోధన కేంద్రము కలదు. తుంగనాథ దేవాలయసమీపమున, చెట్ల హద్దుపైన దానికి క్షేత్రము కలదు. పాలంపూరునందు హిమాలయ జీవవనరుల సాంకేతిక సంస్థ కలదు. ఈ మూలికలను విత్తనములనుండియు, దుంపముక్కలనుండియు నెట్లు పెంచవలెను, ఏ యెత్తున నాటిన గుణము నిలుచును, ఎన్నియేండ్లకు దవ్వవలెను అను విషయములను ఇట్టిచోటుల శోధించుచున్నారు.

మధుమేహవిషయమున వీనికి గల యోగ్యత యెంత? హిమాలయములందు బెరుగు కిరాతతిక్తమునుండి స్వెర్‌చిరిన్ అను పదార్థమును విడదీసి లక్నోనగరమందలి కేంద్ర ఔషధపరిశోధనసంస్థవారు 1991లో ప్రకటించిరి. అది యెలుకల రక్తమున చక్కెరను దగ్గించెను. మూడవమెట్టుతో నాగినది. హిమాలయపు మానుపసుపునందు బెర్బెరీన్ అను పచ్చని పదార్థము కలదు. చీనాదేశమున 36 మంది క్రొత్తరోగులకు, కొందఱికి బెర్బెరీన్, కొందఱికి మెట్‌ఫార్మిన్ మూడుమాసములిచ్చి 2008లో ప్రకటించిన శోధనయందు రెండును ఇంచుమించు సమముగ బనిచేసెను. ఇది నాలుగవమెట్టుపై నొక యడుగు. కాని 36 మందిని, మూడుమాసములను జూచి, జీవితాంతము వాడదగిన మందని యేల చెప్పుదుము? మెట్‌ఫార్మిన్ వెనుక దశాబ్దముల యనుభవమున్నది.

మొదటిమెట్టునందే మనము జారుచున్నామనుట మఱియు విచారకరము. హిమాలయములలో దారుహరిద్రయనగా ముండ్లపొద. దక్షిణమున నదే పేరుతో నమ్మునది వేఱొక తీగ. కిరాతతిక్తమని యడిగిన మన నేలవేమును బొట్లము గట్టియిచ్చుట సర్వసాధారణము. పేరొకటి, మొక్కలు రెండు. ఇక నా పొట్లములో నింకేమున్నదో యెవరికెఱుక? 2004లో అమెరికాలోని బోస్టన్ నగరపు దుకాణములలో దొరకు, దక్షిణాసియాలో తయారైన 70 ఆయుర్వేద మందులను బరీక్షింపగా 14 టియందు సీసము, పాదరసము, ఆర్సెనిక్ అనువానిలో నొకటియో కొన్నియో కనబడినవి. మధుమేహమువలన మూత్రపిండములు మున్నే బలహీనమైన వానికి సీసమును దినదినము బోయుట యెట్టి చికిత్స?

ఇచట మీ రొక లెక్కను మాతో వేయుడు. దేశమున మధుమేహులు పదికోట్లు. వారిలో నూటికి ఒక్కరే, అనగా పదిలక్షలమందియే, ఒక హిమాలయపు వేరును దినమునకు ఒక్క గ్రాము చొప్పున దినిరనుకొనుడు. దినమునకు 1,000 కిలోలు. సంవత్సరమునకు 365 టన్నులు. అదియు ఎండినవేరు, పచ్చివేరు అంతకు మించును. వేరును దవ్వినచో మొక్క యుండదు. మంచుబయళ్లలో ఒక్కొక్క వేరు ముదురుటకు గొన్ని సంవత్సరములు పట్టును. అందుచేతనే అంతర్జాతీయ వ్యాపారనియంత్రణపు టొడంబడికలో చెంగల్వకోష్టు 1985 నుండి అతికఠినమైన మొదటి యనుబంధమునను, జటామాంసియు కటుకరోహిణియు 1997 నుండి రెండవ యనుబంధమునను జేర్పబడియున్నవి. గుణము నిజముగ గలిగిన మొక్కకును ఈ యాపద తప్పదు. హిమాలయ పోడోఫిల్లమ్ వేరునందలి పదార్థమునుండి కొన్ని క్యాన్సరులకు ఎటోపొసైడ్ అను మందు వచ్చినది. ఆ మొక్కయు నడవులలో నరుదై, 1990 లో రెండవ యనుబంధమున జేరవలసివచ్చెను.

దీనికి బ్రతిగ మెట్‌ఫార్మిన్‌ను జూడుడు. లోకమున గోట్లకొలది జనులు దానిని మింగుచున్నారు. దానికై యొక్క గలేగా మొక్కనైన నెవరును బెఱుకుట లేదు. మొక్క సూచన నిచ్చెను. శాస్త్రము దానిని గ్రహించి కర్మాగారమున దయారుచేసెను. మాత్ర పేదవానికిని అందుబాటున నున్నది, మొక్క తన కొండపై క్షేమముగ నున్నది. శాస్త్రశోధన రోగిని, ప్రకృతిని నొక్కచేతితో గాపాడునని మేము చెప్పిన మాటకు దీనికంటె సాక్ష్యమేల?

ఇక నీ వ్యాధితో బ్రదుకుట యెట్లు అను విషయమున అనుభవపూర్వకముగ నాలుగు మాటలు. ఇది పోవు వ్యాధి గాదు. చుట్టమై వచ్చి యింట నిలిచిన వ్యాధి. దానికొక గదినిచ్చి, ఇల్లంతయు దానిపాలు గాకుండ జూచుకొనవలెను. మూడుమాసముల సగటును జెప్పు రక్తపరీక్ష యొకటి కలదు. దానిని వైద్యుడు చెప్పిన గడువులందు దప్పక చేయించుకొనుడు. ఒకనాటి యుదయపు సంఖ్యను జూచి మురియుటయు, కుములుటయు వలదు. కన్నులను, మూత్రపిండములను ఏటేట బరీక్షింపించుడు. నొప్పి లేకుండగనే చెడుట వాని స్వభావము. పాదములను ప్రతిరాత్రియు వెలుతురున జూచుకొనుడు. స్పర్శ తగ్గిన పాదమునకు ముల్లు గ్రుచ్చినను దెలియదు. చిన్నపుండును బట్టించుకొనక కాలు గోల్పోయినవారిని మనమెల్లరము నెఱుగుదుము.

అన్నమును శత్రువుగ జూడనక్కఱలేదు, కొలిచి వడ్డించుకొనిన జాలును. పప్పు, కూర ముందు తిని, అన్నము తరువాత దినుట మేలు. కొఱ్ఱలు, జొన్నలు పీచుగలవి గనుక మంచివే. కొలత లేనిచో కొఱ్ఱన్నమును అన్నమే. భోజనానంతరము కొంతదూరము నడచుట మాకు మిక్కిలి మేలుచేసినది. ఇన్సులిన్ గాని, కొన్నిరకముల మాత్రలు గాని వాడువారికి ఒక్కొక్కప్పుడు చక్కెర 70 కంటె దిగువకు పడిపోయి, చెమటలు, వణకు, తత్తరపాటు గలుగును. అప్పుడు మూడు చెంచాల పంచదార నీట గలిపి త్రాగి, పదునైదు నిమిషములకు మఱల బరీక్షించుకొనవలెను. అందుచే మధుమేహుని జేబులో పంచదార పొట్లముండుట హాస్యాస్పదము గాదు, అత్యవసరము. ఇన్సులిన్ సీసాను మంచుగడ్డలో బెట్టరాదు, ఎండలో నుంచరాదు. శీతలయంత్రము లేని యింట నీడను బెట్టిన తడికుండ చాలవఱకు నుపకరించును.

వీనియన్నిటికంటె కష్టమైనది సిగ్గు. పెండ్లికావలసిన పిల్లకు మొదటి రకము వ్యాధియున్నచో తల్లిదండ్రులు దాచుదురు. అత్తవారింట నా పిల్ల చాటుగ సూది వేసికొనలేక ఒకపూట మానును. ఆ యొక్కపూటయే ప్రమాదమగును. మఱియొకవంక విందులలో "ఒక్క బూరె తినినంత నేమగును? మా మాట కాదందువా?" అని బలవంతపెట్టుట మర్యాద యనుకొందుము. ఆ మర్యాద యొక విధమైన క్రౌర్యమని మనవి చేయుచున్నాము.

సోదరులారా! మన సంఘము చేయదగినవి కొన్ని కలవు. ప్రతి వార్షికసభయందును వచ్చినవారికెల్ల రక్తపరీక్ష, పాదపరీక్ష చేయించు ఏర్పాటు గావింపవలెను. పేదకుటుంబములలో మొదటి రకము వ్యాధి గల బిడ్డలకు ఇన్సులిన్, పరీక్షాసాధనములు నిరంతరము లభించునట్లు పోషకులు నిధి నేర్పఱుపవలెను. ఒక్క బిడ్డకైన నొక్క దినమైన లోటు రారాదు. మన వసతిగృహములందు వంటశాలను సంస్కరించి, పప్పు కూరలను హెచ్చించవలెను. సభావిందులలో మధుమేహులకు వేఱుపంక్తి యక్కఱలేదు. అందఱికిని మంచిదైన పంక్తి యొక్కటి చాలును. వసతిగృహపు దొడ్డిలో మన నేలకు దగిన మూలికలను, సరియైన పేరుపలకలతో నాటింపవలెను. మన బిడ్డలు నేలవేమునకును కిరాతతిక్తమునకును గల భేదమును గుర్తెఱుగుదురు గాక.

కడపటి విన్నపమును జంకుతోనే చెప్పుచున్నాము. ఏలయన నది ధనముతో ముడివడినది. ఈ సంచికవంటి సంచికలు ప్రకటనలపై నాధారపడునని మేమెఱుగుదుము. అయినను మధుమేహమును సమూలముగ మాన్పుదుమని, ఇన్సులిన్ మాన్పింతుమని వాగ్దానము చేయు చూర్ణముల ప్రకటనలకు మన సంచికలో చోటీయరాదని తీర్మానింప బ్రార్థించుచున్నాము. 1954 నాటి మందులు, మాయచికిత్సల చట్టము మధుమేహమును మాన్పుదుమను ప్రకటనలను నిషేధించినది. చట్టము లేకున్నను, ఒక తల్లి యీ పుటలలోని ప్రకటనను నమ్మి బిడ్డకు సూదిమాన్పిన, ఆ నష్టమునకు వెల యేపాటి? ఆ పుటవలన వచ్చు సొమ్మును మనలో నలుగురు పోషకులు పూరింపజాలరా?

మొక్కలు మనకు మిత్రములు. వానిని గౌరవించుట యనగా వానినిగూర్చి సత్యమును దెలిసికొనుట. చేయజాలని పనిని వానిపై మోపకుండుట. చేదువేరులు తమ మంచుకొండలపై జిగిర్చుచు నుండుగాక! మన బిడ్డలు కొలచిన మందుతో, కొలచిన యన్నముతో దీర్ఘాయువులై వర్ధిల్లుదురు గాక!